రక్తం ఎక్కిస్తే ఓపిక ఎంత వస్తుంది, ఎన్నాళ్లుంటుంది

మా తమ్ముడికి సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు వంకర తిరిగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉందని తెలిసినవాళ్లలో సగం మంది అయ్యో అంటారు, మిగతా సగం మంది సలహా ఇస్తారు. ఆ సలహా కూడా ఎప్పుడూ ఒకటే: "నెలకో బాటిల్ రక్తం ఎక్కించేయండమ్మా, బలం వస్తుంది, అందరిలా తిరుగుతాడు." ప్రేమతోనే అంటారు, ఎవర్నీ తప్పు పట్టను. పైగా ఆ మాటలో కొంత నిజం ఉంది, చిక్కంతా అక్కడే. రక్తం ఎక్కించాక వాడు నడిచే దూరం పెరిగింది, ఆయాసం తగ్గింది, నేను కళ్లారా చూశాను. అయినా సరే, ఒక్క ఓపిక కోసమే రక్తం ఎక్కించుకోవడం మంచిది కాదని గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో తీరిగ్గా రాస్తాను, ఎందుకంటే పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి పిల్లల్ని తీసుకుని విశాఖ ఆసుపత్రులకి వచ్చే అమ్మానాన్నలకి, ఓపీలో వెనక అంత లైను ఉండగా, డాక్టరు ముందు కూర్చునే ఆ కాస్సేపట్లో ఇదంతా బుర్రకెక్కడం కష్టం.

మాది పాడేరు దగ్గర ఊరు. తమ్ముడు ఇక్కడ డిగ్రీ చదువుతున్నాడు, నేను ఉద్యోగం చేస్తున్నాను, పెదవాల్తేరులో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం, లిఫ్టు లేదు. వాడిది ఎస్ఎస్ రకం, అంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు జన్యువులూ సికిల్‌వే. హిమోగ్లోబిన్, అంటే రక్తంలో ఆక్సిజన్ మోసే పదార్థం, ఎప్పుడు చూసినా 7 గ్రాముల దగ్గర ఉంటుంది. ఈ జబ్బులో చాలామందికి 6 నుంచి 9 మధ్య ఉండటం మామూలే, అదే వాళ్ల రోజువారీ లెక్క. బయటివాళ్లకి ఇది కనపడదు. కూర్చుని మాట్లాడుతుంటే బాగానే ఉంటాడు, నవ్వుతాడు, ఫోన్లో క్రికెట్ చూస్తాడు. మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది. ఒక అంతస్తు ఎక్కేసరికి మాట ఆగిపోతుంది, రెండో అంతస్తు మలుపులో గోడకి చెయ్యి ఆనించి నిలబడతాడు, మెడ దగ్గర నరం కొట్టుకోవడం పక్కనున్న నాకు కనిపిస్తుంది. ఎవరైనా ఎదురొస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు కిందికి వంగుతాడు. స్కూల్లో ఉన్నప్పుడు గ్రౌండు చుట్టూ పరిగెత్తించి, ఆగిపోతే బద్ధకం అన్న మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఆ మాట వాడు ఇప్పటికీ మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.

బద్ధకానికీ దీనికీ సంబంధం లేదు, ఇది లెక్క. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 14 గ్రాములున్న కుర్రాడి రక్తం ప్రతి 100 మిల్లీలీటర్లకీ 18 పైచిలుకు మిల్లీలీటర్లు మోస్తే, 7 గ్రాములున్న మా వాడి రక్తం 9 పైచిలుకు మోస్తుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె ఎక్కువ రక్తం తోడాలి, ఊరికే కూర్చున్నప్పుడు కూడా అది చేస్తూనే ఉంటుంది. అంటే మనం మెట్లెక్కేటప్పుడు వాడుకునే రిజర్వులో కొంత వాడు కుర్చీలోనే వాడేసుకుంటున్నాడు. మెట్ల దగ్గరికొచ్చేసరికి పెంచడానికి మిగిలేది తక్కువ. ఏళ్ల తరబడి ఇలా పనిచేసి చాలామందికి గుండె పెద్దదవుతుంది, కొందరికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు ఆయాసం ఇంకా ఎక్కువ.

ఇంతవరకూ ఏ రక్తహీనతకైనా వర్తిస్తుంది. సికిల్ సెల్‌లో దీని మీద ఇంకోటి ఉంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ వచ్చి కూర్చుంటుంది, మార్పు అంతే. కానీ ఆక్సిజన్ వదిలేశాక ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగాటి పోగుల్లా తయారవుతాయి, కణం వంకర తిరిగి గట్టిపడుతుంది, సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. కష్టపడే కండరంలో ఏం జరుగుతుందో చూడండి: ఆక్సిజన్ ఎక్కువగా లాగేసుకుంటుంది, లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది, వేడెక్కుతుంది, చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గుతుంది. కణాలు వంకర తిరగడానికి ఏమేం కావాలో అన్నీ అక్కడే దొరుకుతాయి. అందుకే ఎంత ఆక్సిజన్ మోస్తోందనేది ఒక ప్రశ్న, ఆ రక్తం అసలు సాఫీగా పారుతోందా అనేది రెండో ప్రశ్న. రక్తం ఎక్కించడం గురించి మాట్లాడేటప్పుడు చుట్టాలు మొదటి ప్రశ్న మాత్రమే అడుగుతారు.

మా వాడికి ఇటీవల రక్తం ఎక్కించాల్సి రావడానికి కారణం ఓపిక కాదు. ఒక వర్షాకాలం జ్వరం, ఛాతీలో నొప్పి, గట్టిగా ఊపిరి తీసుకుంటే పొడిచినట్టు ఉందన్నాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి కింది భాగంలో కొత్తగా మచ్చ కనిపించింది. దీన్ని అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ అంటారు, సికిల్ సెల్ ఉన్నవాళ్ల ప్రాణం తీసే కారణాల్లో ముఖ్యమైనది. ఇక్కడ రక్తం ఎక్కించడం మందే, అందులో వెనకాడేది లేదు. రెండు బ్యాగులు ఎక్కించారు.

రక్తం ఎక్కించడం నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తున్నా, ఇదేదో సెలైన్ పెట్టినట్టు పెట్టేసే పని కాదు. బ్యాగు మీద ఉన్న నంబరు, గ్రూపు, వాడి పేరు, చేతికి కట్టిన పట్టీ మీది నంబరు, అన్నీ ఒక సిస్టర్ పైకి చదివితే ఇంకో సిస్టర్ కాగితంలో చూసి సరే అంది. మొదటి పదిహేను నిమిషాలు చుక్క చుక్కగా, చాలా నెమ్మదిగా. సిస్టర్ పక్కనే నిలబడి "నడుము నొప్పిగా ఉందా బాబూ, చలిగా ఉందా, దురదేమైనా?" అని అడుగుతూనే ఉంది, ఎందుకంటే ప్రమాదకరమైన రియాక్షన్లు వచ్చేది ఎక్కువగా ఆ కాసేపట్లోనే. తర్వాత వేగం పెంచారు. ఫ్రిజ్‌లోంచి తీసిన బ్యాగు నాలుగు గంటల్లోపు అయిపోవాలన్నారు. రెండో బ్యాగు సగంలో ఉండగా వాడు "అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు. జ్వరం మొదలయ్యాక వాడు నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు.

ఇప్పుడు ఓపిక సంగతి. వాడి ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఎలా ఉందో చూద్దామని అంతకు కొన్ని నెలల ముందే ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించారు. చాలా సాదా పరీక్ష. పొడుగాటి వరండాలో ముప్ఫై మీటర్ల దూరంలో అటొకటి ఇటొకటి గుర్తులు పెడతారు, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలిస్తారు, ఆరు నిమిషాల్లో మన నడకతో ఎంత దూరం నడవగలమో కొలుస్తారు. పరిగెత్తకూడదు, అలిసిపోతే నిలబడొచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు 600 మీటర్లు తేలిగ్గా నడిచేస్తారు. వాడు అప్పుడు 410 దగ్గర ఆగాడు, మధ్యలో ఒకసారి నిలబడ్డాడు. అప్పటి హిమోగ్లోబిన్ 6.9. ఛాతీ జబ్బు తగ్గి ఇంటికొచ్చి, మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ 8.8 ఉంది, అదే వరండాలో 490 నడిచాడు, ఎక్కడా ఆగలేదు. అంత జబ్బు పడి లేచినవాడు మామూలుగా అయితే తక్కువ నడవాలి. ఎక్కువ నడిచాడంటే అది కొత్త రక్తం చలవే.

ఇది మా ఇంటి అనుభవం ఒక్కటే కాదు. 1980ల తొలినాళ్లలోనే అమెరికాలో డాక్టర్లు సికిల్ సెల్ ఉన్నవాళ్లకి రక్తం ఎక్కించక ముందు, తర్వాత వ్యాయామ పరీక్షలు చేసి చూశారు. ముఖ్యంగా ఎక్స్ఛేంజ్ చేసినవాళ్లలో, అంటే ఒక చేత్తో సికిల్ రక్తం తీస్తూ ఇంకో చేత్తో మంచి రక్తం ఎక్కించినవాళ్లలో, పనిచేసే సామర్థ్యం మెరుగుపడింది. కారణం పైన చెప్పిందే. మోసే ఆక్సిజన్ పెరగడం ఒక వైపు, వంకర తిరిగే కణాల వాటా తగ్గి రక్తం సాఫీగా పారడం ఇంకో వైపు. ఎక్స్ఛేంజ్‌లో ఈ రెండోది బాగా జరుగుతుంది, ఎందుకంటే పాతది బయటికి పోతుంది. మామూలుగా ఎక్కించినప్పుడు పాతది అలాగే ఉంటుంది, దాని మీద కొత్తది కలుస్తుంది.

అయితే ఇంకా ఎక్కించేయొచ్చు కదా, 12 దాకా తీసుకెళ్తే అందరిలా పరిగెడతాడు కదా? మా మామయ్య సరిగ్గా ఇదే అడిగాడు, ఎంత ఖర్చయినా పెట్టుకుంటానన్నాడు పాపం. ఇక్కడే ఆగి ఆలోచించాలి. సికిల్ కణాలు ఒంట్లో ఎక్కువగా ఉండగానే హిమోగ్లోబిన్‌ని 10 దాటించేస్తే రక్తం చిక్కబడుతుంది. బెల్లం పాకం ముదిరిపోతే గరిటె తిరగనట్టే, ఆక్సిజన్ మోసే సరుకు ఎక్కువున్నా అది కదలదు. తలనొప్పి, నొప్పుల దాడి, ఒక్కోసారి పక్షవాతం దాకా వెళ్లొచ్చు. అందుకే మామూలుగా ఎక్కించేటప్పుడు 10 దగ్గర గీత గీస్తారు. వాడి శరీరం తక్కువ హిమోగ్లోబిన్‌కి అలవాటు పడి ఉంది, ఆ పలచదనం వాడికి కొంత రక్షణ కూడా. ల్యాబ్ కాగితం మీద ఎర్రగా చుట్టి ఉన్న 7ని చూసి భయపడి, దాన్ని మామూలు మనిషి అంకెకి తేవాలనుకోవడం ఈ జబ్బులో చాలా ప్రమాదం. ఇది నేను ఎంత చెప్పినా తక్కువే.

పైగా ఎక్కించిన రక్తం శాశ్వతం కాదు. వాడి సొంత కణాలు పది ఇరవై రోజులే బతుకుతాయి, మామూలు కణాలు 120 రోజుల దాకా బతుకుతాయి, కానీ బ్యాగులో వచ్చినవన్నీ నిన్న పుట్టినవి కావు, అన్ని వయసులవీ ఉంటాయి. రోజూ కొన్ని రాలిపోతుంటాయి. వాడి విషయంలో ఆ తేడా నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది, ముందు మెట్ల మలుపు దగ్గర మళ్లీ ఆగడం మొదలుపెట్టాడు, తర్వాత ల్యాబ్ కాగితం కూడా అదే చెప్పింది. దాన్నే నిలబెట్టుకోవాలంటే మూడు నాలుగు వారాలకోసారి ఎక్కిస్తూ ఉండాలి, అప్పుడు ఖరీదు మొదలవుతుంది, డబ్బు సంగతి చెప్పట్లేదు.

మొదటిది ఇనుము. ఒక్కో బ్యాగులో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన ఒంట్లోంచి రోజూ బయటికి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, ఎక్కువైనదాన్ని తోసేసే దారి శరీరానికి లేదు. అది కాలేయంలో, గుండెలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. గుండె బలం కోసమని ఎక్కించిన రక్తమే చివరికి గుండెని దెబ్బతీయగలదు. అందుకే తరచూ ఎక్కించుకునేవాళ్లకి ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చూస్తారు, అది 1000 దాటుతుంటే డెఫెరాసిరాక్స్ లాంటి ఇనుము తీసే మందులు మొదలుపెడతారు. ఇంకో మాట, హిమోగ్లోబిన్ తక్కువుంది కదా అని మందుల షాపులో ఐరన్ టానిక్ కొని పట్టించేవాళ్లని చాలామందిని చూశాను. సికిల్ సెల్‌లో రక్తం తక్కువ ఉండటానికి కారణం కణాలు త్వరగా చితికిపోవడం. పరీక్ష చేసి ఇనుము లోపం ఉందని తేలితే తప్ప ఐరన్ వెయ్యకూడదు. వాళ్లకి రోజూ కావాల్సింది ఫోలిక్ యాసిడ్.

రెండోది యాంటీబాడీలు. ఏ, బీ, ఓ, పాజిటివ్, నెగెటివ్ వరకే మనకి తెలుసు, కానీ ఎర్రకణాల మీద ఇంకా చాలా గుర్తులుంటాయి. ఒక్కోసారి ఒక్కొక్కరి రక్తం ఎక్కేకొద్దీ వాడి శరీరం వాటిలో కొన్నిటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత సరిపడే రక్తం దొరకడమే కష్టమవుతుంది. ప్రాణం మీదికొచ్చిన రోజున బ్లడ్ బ్యాంకులో అదే గ్రూపు బ్యాగులుండి కూడా ఒక్కటీ మ్యాచ్ కాకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే వీలున్నచోట ఆర్‌హెచ్‌లోని సి, ఈ గుర్తులు, కెల్ అనే ఇంకో గుర్తు కూడా చూసి ఇస్తారు. మొదటిసారి రక్తం ఎక్కించక ముందే ఈ పూర్తి టైపింగ్ చేయించమని అడగండి, ఒకసారి వేరేవాళ్ల రక్తం కలిశాక మామూలు పద్ధతిలో వాడి గుర్తులు కచ్చితంగా చెప్పలేరు. ఇంకా భయపడాల్సింది ఆలస్యంగా వచ్చే రియాక్షన్. అంతా బాగా జరిగి ఇంటికొచ్చేశాక, కొన్ని రోజుల నుంచి మూడు వారాల లోపు మూత్రం కోకాకోలా రంగులో రావడం, కళ్లు బాగా పచ్చబడటం, నొప్పులు, హిమోగ్లోబిన్ ఎక్కించకముందు కంటే కూడా కిందికి పడిపోవడం. అలాంటప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఫలానా రోజు రక్తం ఎక్కించారని మీరే నోరు తెరిచి చెప్పాలి, లేకపోతే మామూలు నొప్పుల దాడి అనుకుని ఇంకో బ్యాగు ఎక్కించే ప్రమాదం ఉంది.

మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది, వాళ్ల పాపకి ఒళ్లునొప్పులు వచ్చిన ప్రతిసారీ ఒక క్లినిక్‌లో హిమోగ్లోబిన్ చూసి, 7 అనగానే రక్తం ఎక్కించేవారట. మామూలు నొప్పుల దాడికి కావాల్సింది నొప్పి తగ్గించే మంచి మందు, నీళ్లు, వెచ్చదనం, ఇన్‌ఫెక్షన్ ఉంటే దానికి మందు. రోజూ ఉండే హిమోగ్లోబినే ఉంటే, కేవలం ఆ అంకె చూసి రక్తం ఎక్కించొద్దని సికిల్ సెల్ వైద్యంలో స్పష్టంగానే ఉంది. ఆ పాపకి ఇప్పుడు మ్యాచ్ దొరకడం కష్టంగా ఉంది. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

రక్తం క్రమం తప్పకుండా ఎక్కించాల్సినవాళ్లు నిజంగానే ఉన్నారు, వాళ్లని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లల్లో మెదడు రక్తనాళాలకి డాప్లర్ స్కాన్ చేసి, రక్తం వేగం సెకనుకి 200 సెంటీమీటర్లు దాటితే పక్షవాతం వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ. అలాంటి పిల్లలకి నెలనెలా రక్తం ఎక్కిస్తే ఆ ప్రమాదం 90 శాతం దాకా తగ్గిందని 1998లో వచ్చిన స్టాప్ అనే పెద్ద అధ్యయనం తేల్చింది. మీ పిల్లకి డాక్టరు ఇందుకోసం ఎక్కిస్తుంటే ఈ పోస్టు చదివి దయచేసి ఆపకండి. ప్లీహంలో రక్తం ఒక్కసారిగా ఇరుక్కుపోయి పొట్ట ఉబ్బినప్పుడు, పార్వో వైరస్ సోకి ఎముక మజ్జ రక్తం తయారు చేయడం ఆపేసినప్పుడు, పెద్ద ఆపరేషన్ ముందు, ఇలాంటప్పుడు రక్తమే దిక్కు.

మరి రోజువారీ ఓపిక ఎలా? మా వాడి విషయంలో నిలకడగా పనిచేసింది హైడ్రాక్సీయూరియా. పుట్టినప్పుడు అందరికీ ఉండే పిండ హిమోగ్లోబిన్‌ని ఇది మళ్లీ పెంచుతుంది, అది ఉన్నచోట కణాలు అంత తేలిగ్గా వంకర తిరగవు. నొప్పుల దాడులు దాదాపు సగానికి తగ్గుతాయని 1995లోనే తేలింది, చాలామందికి హిమోగ్లోబిన్ కూడా కాస్త పెరుగుతుంది, అదీ వాళ్ల సొంత రక్తం. ఖరీదైన మందు కాదు. రోజూ వేసుకోవాలి, మధ్యమధ్యలో రక్తపరీక్షతో తెల్లకణాలు చూసుకోవాలి, పిల్లల కోసం ప్లాన్ చేసుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఫలితం కనపడటానికి నెలలు పడుతుంది, అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు. రక్తం బ్యాగు రెండు రోజుల్లో చూపించే తేడా ఈ క్యాప్సూల్ చూపించదు, దాంతో ఇది పనిచేయట్లేదనుకుంటారు. మా అమ్మకి ఇదే టెన్షన్, ప్రతి ఫోన్లోనూ "మందు పట్టిందా అమ్మా?" అని అడిగేది.

రెండోది నడక. ఇక్కడ కూడా రెండు రకాల మాటలు వింటాం. కదలకుండా పడుకోబెట్టమని కొందరు, అందరితో పాటు ఆడిస్తే అదే అలవాటవుతుందని ఇంకొందరు. ఫ్రాన్స్‌లో సికిల్ సెల్ ఉన్న పెద్దవాళ్లకి 8 వారాలు, వారానికి 3 సార్లు, ఒక్కొక్కరి శక్తిని ముందే కొలిచి దాని ప్రకారం మెల్లగా సైకిల్ తొక్కించారు. 2018లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం వాళ్ల సామర్థ్యం పెరిగింది, శిక్షణ వల్ల పెద్ద ఇబ్బందులు రాలేదు. కండరం అలవాటు పడితే అదే పనికి తక్కువ లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. రక్తం మారకుండానే ఓపిక కొంత పెరగడానికి ఇదొక దారి. అయితే జాగ్రత్తగా, డాక్టరు చూసి సరే అన్నాకే. తొడ ఎముక తల దెబ్బతినడం ఈ జబ్బులో బాగా కనిపిస్తుంది, కాబట్టి గజ్జల్లోనో తుంటిలోనో నొప్పి ఉంటే నడక మొదలుపెట్టే ముందు అది తేల్చుకోవాలి. గుండె ఎకో కూడా ఒకసారి.

విశాఖలో ఉన్నవాళ్లకి బీచ్ రోడ్డు ఒక వరం. తెల్లవారుజామున బళ్లు ఆపేస్తారు, నేల చదునుగా ఉంటుంది, ఎక్కడ అలిసిపోతే అక్కడ కూర్చోవడానికి గట్టు ఉంది. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు నడుస్తాం. వాడి నియమం ఒక్కటే: పక్కన నడుస్తున్న నాతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం తగ్గించాలి. మాట అసలు రాకపోతే కూర్చోవాలి. కాసేపు నడక, కాసేపు విరామం, మళ్లీ నడక. ఒక్కసారిగా పరిగెత్తడం, ఎవరితోనో పందెం వేసుకోవడం, మూడు అంతస్తులూ ఒకే ఊపులో ఎక్కడం లేదు. కేజీహెచ్ ఆసుపత్రి దగ్గరి డౌన్ లాంటి ఏటవాలు ఎదురైతే ఆటో ఎక్కుతాడు, దానికి సిగ్గుపడాల్సిందేం లేదు.

నీళ్ల గురించి కాస్త గట్టిగా చెప్పాలి. సికిల్ సెల్ ఉన్నవాళ్ల కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేవు, ఒంట్లో నీరు తక్కువున్నా మూత్రం పోతూనే ఉంటుంది. దానికి మన ఊరి ఉక్కపోత తోడైతే, ఏప్రిల్ నెలలో పొద్దున్న ఎనిమిదింటికే చొక్కా తడిసిపోయే ఈ ఊళ్లో, దాహం వేశాక తాగుదామంటే అప్పటికే ఆలస్యం. వాడు బయల్దేరే ముందే తాగుతాడు, సీసా చేతిలో ఉంటుంది, ఇంటికొచ్చాక మజ్జిగ. ఎండాకాలంలో సూర్యుడు పైకి రాకముందే వచ్చేస్తాం, ఒక్కోరోజు అసలు వెళ్లం. చల్లదనం ఇంకో శత్రువు. డిసెంబరులో ఊరికెళ్తే అక్కడ పొద్దున నడక ఉండదు, స్వెట్టరు, సాక్సులు, ఎండ పడ్డాకే బయటికి. అరకు, లంబసింగి వైపు స్నేహితులతో చలికాలం బైకుల మీద వెళ్లడం గురించి మా ఇద్దరికీ పెద్ద గొడవే అయింది, చివరికి కారులో వెళ్లొచ్చాడు. చల్లటి నీళ్లలో, జలపాతాల్లో ఒక్కసారిగా దిగడం మాత్రం వద్దే వద్దు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, వాడికి చాలా ఇష్టం, స్వామికి ఇంటి నుంచే దణ్ణం పెట్టుకోమన్నాను. జ్వరం ఉన్నప్పుడు, నొప్పి మొదలైనప్పుడు నడక లేదు. నడుస్తుంటే ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడటం, మాట ముద్దగా రావడం జరిగితే ఇంటికి రాకుండా అటునుంచి అటే ఆసుపత్రికి.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి కూడా చెప్పాలి. మామయ్య రక్తం ఇస్తానని పరుగున వచ్చాడు, పరీక్ష చేస్తే ఆయనకి ట్రైట్ ఉందని తేలింది, అంటే ఒక జన్యువు మాత్రమే సికిల్‌ది. ట్రైట్ ఉన్నవాళ్లు రోగులు కారు, వాళ్ల పనులు వాళ్లు మామూలుగా చేసుకుంటారు, మలేరియా ఎక్కువగా ఉండే మన కొండల్లో ఈ జన్యువు ఇన్ని తరాలు నిలబడటానికి కారణం అది ఒక మోతాదులో ఉంటే తీవ్రమైన మలేరియా నుంచి కాపాడటమే. కానీ ఆ రక్తం సికిల్ రోగికి ఎక్కించకూడదు. నేను ఇస్తానంటే నన్నూ వద్దన్నారు, రేప్పొద్దున ఎముక మజ్జ మార్పిడి అవకాశం వస్తే తోబుట్టువుల మజ్జే ముందు చూస్తారు, ఇప్పుడే నా రక్తానికి వాడి శరీరంలో యాంటీబాడీలు పుడితే ఆ దారి కష్టమవుతుంది.

ఇద్దరు ట్రైట్ ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు ఉన్న బిడ్డ పుట్టే అవకాశం 25 శాతం. మేనరికాలు జరిగే ఇళ్లలో ఇది ఇంకా ముఖ్యం. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకున్నారు, లక్ష్యం 2047. మీ ఊరికి ఆ పరీక్ష వాళ్లు వస్తే వేలు చాపండి, కార్డు ఇస్తే దాచుకోండి, సంబంధాలు చూసేటప్పుడు జాతకంతో పాటు ఆ కార్డూ చూసుకోండి. ఇంకోటి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ కూడా ఉంది. సర్టిఫికెట్ కోసం అడగడానికి మొహమాటపడొద్దు. మా వాడి కాలేజీలో క్లాసు కింది అంతస్తుకి మార్చమని అడిగినప్పుడు ఆ కాగితమే పనికొచ్చింది.

ఇప్పుడు వాడి హిమోగ్లోబిన్ 8 దాటి కాస్త అటూఇటూగా ఉంటోంది, ఛాతీ జబ్బు తర్వాత మళ్లీ రక్తం ఎక్కించలేదు. మెట్ల మలుపు దగ్గర ఇంకా ఆగుతాడు, కానీ చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగడం మానేశాడు, ఊరికే నిలబడతాడు, పైనించి ఎవరైనా దిగుతుంటే పక్కకి తప్పుకుంటాడు. మళ్లీ ఎప్పుడో రక్తం అవసరం రావచ్చు, ఆ రోజుకి అది దొరకాలి, సరిపడేది దొరకాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాలేజీలకి సెలవులు, క్యాంపులు తగ్గిపోతాయి, బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు పడిపోతాయి, తలసేమియా, సికిల్ సెల్ పిల్లల అవసరం మాత్రం సెలవు తీసుకోదు. ప్రభుత్వ బ్లడ్ బ్యాంకుల్లో ఈ జబ్బులున్నవాళ్లకి రక్తం ఉచితం, బదులుగా దాతని తెమ్మని అడగకూడదు. కానీ ఎవరో ఒకరు ఇస్తేనే కదా ఉచితంగా ఇవ్వడానికి ఉండేది. విశాఖలో ఉండి 18 దాటి, 45 కిలోల పైన బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మే నెలలో ఒక్క పూట అటు వెళ్లి రండి.